గోపాల్‌పూర్‌లో మూడు రోజులు: సైకిల్‌కి మంచి దారి ఎలా వెతుక్కోవాలి

"సెలవులకి గోపాల్‌పూర్ వస్తున్నాం, సైకిల్ కూడా తెచ్చుకుంటున్నాం. సముద్రం పక్కనుంచి పోయే మంచి రోడ్డు ఒకటి చెప్పండి." విశాఖ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చే తెలిసినవాళ్లు ఏటా నన్ను అడిగేది ఇదే. బరంపురంలో పుట్టి పెరిగి, పదేళ్లుగా ఈ చుట్టుపక్కల తొక్కుతున్నవాడిగా నేను ఏటా చెప్పేదీ ఒకటే: అలాంటి రోడ్డు ఇక్కడ లేదు.

నమ్మకపోతే ఒడిశాలో మా గంజాం జిల్లా మ్యాపు తెరిచి చూడండి. చేప ముల్లులా ఉంటుంది. నడిమి వెన్ను పదహారో నంబరు జాతీయ రహదారి, దాన్ని అంటిపెట్టుకుని హౌరా-చెన్నై రైలు పట్టాలు. ఆ వెన్ను నుంచి సముద్రం వైపు సన్నసన్న ముళ్లలా ఊళ్ల రోడ్లు దిగుతాయి. ఒక్కో ముల్లూ ఏదో ఒక బెస్త ఊరి దగ్గర ఇసుకలో ఆగిపోతుంది. ఒక ముల్లు కొసనుంచి పక్కదాని కొసకి చాలాచోట్ల దారి ఉండదు. మధ్యలో ఏటిమొగో, ఉప్పుటేరో, ఉప్పు మడులో అడ్డం వస్తాయి. సముద్రం పక్కన తొక్కాలని పట్టుబడితే దిగడం, వెనక్కి ఎక్కడం, మళ్లీ దిగడం, ఇంతే అవుతుంది. ఇక్కడ తొక్కడానికి హాయైన రోడ్లు ఎక్కువగా హైవేకి పడమర, కొండల వైపు వరి పొలాల్లో ఉన్నాయి. సముద్రం బయలుదేరడానికి, తిరిగొచ్చి కాళ్లు తడుపుకోవడానికి. ఈ ఒక్కటీ ఒప్పుకుంటే మిగతా పని సులువు.

ముందు ఎన్ని పొద్దులో తేల్చుకోండి

ఇంటిల్లిపాదితో వస్తున్నారు కదా. మూడు పొద్దులూ నావే అంటే మొదటి రాత్రే గొడవ. రెండు అడగండి. ఒకటి చిన్నది, ఊరి చుట్టుపక్కల ఇరవై ముప్ఫై కిలోమీటర్లు, టిఫిను వేళకి వెనక్కి. ఇంకొకటి పెద్దది. మూడో పొద్దు పిల్లలతో లైట్‌హౌస్ దగ్గరకి నడవండి.

ఏ నెలలో వస్తున్నారన్నది కూడా ముందే చూసుకోండి. అక్టోబరు మొదటి సగానికి మాత్రం డబ్బులు తిరిగిరాని బుకింగు చేయకండి. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, అక్టోబరు 12న. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటింది, అక్టోబరు 11న. డిసెంబరు, జనవరి బాగుంటాయి గానీ కొత్త సంవత్సరం నాడు గోపాల్‌పూర్ రోడ్డంతా పిక్నిక్ బస్సులే.

గాలిని బట్టి దిక్కు

ఇక్కడి తీరం సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉండదు. నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది. మార్చి నుంచి వానాకాలం అయ్యేదాకా గాలి ఎక్కువగా నైరుతిదే, అంటే ఇచ్ఛాపురం వైపు నుంచి ఛత్రపురం వైపు తీరం వెంట తోస్తుంది. చలికాలంలో ఉత్తరపు గాలి, దిక్కు తిరగబడుతుంది. తెల్లవారుజామున గాలి మెత్తగా ఉంటుంది, తొమ్మిది పది అయ్యేసరికి లేస్తుంది. కాబట్టి గాలి బలహీనంగా ఉన్నప్పుడే దానికి ఎదురు వెళ్లాలి, అది లేచాక దాన్ని వీపుకి పెట్టుకుని ఇంటికి రావాలి. వేసవిలో అయితే ముందు దక్షిణం వైపు, చలికాలంలో ముందు ఉత్తరం వైపు. ఇది మరిచి ఉదయం హాయిగా ఛత్రపురం వైపు జారిపోయినవాళ్లు పదిగంటల ఎండలో, ఎదురుగాలిలో, ముఖం మీద ఉప్పు గీతలతో తిరిగిరావడం నేను చూశాను. వాళ్లలో నేనూ ఉన్నాను.

మే నెలలో ఇక్కడ ఐదుంపావుకే పొద్దు పొడుస్తుంది. డిసెంబరు చివర ఆరుంపావు దాటుతుంది. వేసవిలో ఎనిమిదిన్నరకల్లా సైకిల్ నీడకి చేరాలి. ఎండ కన్నా ఇక్కడి ఉక్కపోత ఎక్కువ పీలుస్తుంది.

మ్యాపు ముందు ఒక సాయంత్రం

ఇంట్లో ఉండగానే చేయాల్సిన పని ఇది. గూగుల్ మ్యాప్స్‌లో ఉపగ్రహ చిత్రం పెట్టుకోండి. తారు రోడ్డు నల్లగా, సిమెంటు రోడ్డు బూడిద తెలుపులో, గ్రావెల్ బాట ఎర్రగా కనిపిస్తుంది. రోడ్డు వెడల్పు తెలియాలంటే దాని మీద నిలబడ్డ లారీనో, పక్కనున్న ఇంటినో కొలతగా పెట్టుకోండి. వాగు దాటే ప్రతిచోటా పూర్తిగా జూమ్ చేసి వంతెన ఉందో లేదో చూడండి. ఋషికుల్య నది మొగ దగ్గర ఇది మరీ అవసరం. దక్షిణపు ఒడ్డు నుంచి చూస్తే అవతలి ఇసుక చేతికందేంత దూరంలో ఉంటుంది. దాటడానికి మాత్రం లోపలికి గంజాం ఊరి దగ్గరున్న హైవే వంతెన దాకా చుట్టి రావాల్సిందే.

ఇక టూవీలర్ మోడ్. బైకులకి దగ్గరిదారి చూపించాలని అది పొలంగట్ల మీదికీ లాక్కెళ్తుంది. కొత్త దారులు కనిపెట్టడానికి దాన్ని వాడండి, కానీ నమ్మి వెనకే వెళ్లకండి. నేను నమ్మాను. సోనాపూర్ బీచికి వెళ్దామని బయలుదేరి సురలా ఉప్పు మడుల దగ్గర అది చూపిన నీలిగీత పట్టుకున్నాను. ముందురోజు ఉపగ్రహ చిత్రంలో అక్కడ తెల్లటి గీత చూసి సిమెంటు రోడ్డని మురిసిపోయి ఉన్నాను. తీరా చూస్తే అది మడుల మధ్య మట్టికట్ట. తెల్లదనం ఉప్పుది. రాత్రి నాలుగు చినుకులు పడ్డాయేమో, రెండు వందల గజాలు పోయేసరికి బంకమట్టి బ్రేకుల్లో కూరుకుని చక్రం తిరగడం మానేసింది. పుల్లతో గీకినా రాలేదు. సైకిల్ భుజాన వేసుకుని, పెడల్‌కి బిగుసుకునే క్లీట్ల బూట్లతో ఆ కట్ట మీద జారుతూ వస్తుంటే, మడిలో ఉప్పు లాగుతున్న పెద్దాయన పని ఆపి నిలబడ్డాడు. "సైకిలు నువ్వెక్కాల గాని, నిన్ను సైకిలెక్కిందేటి బాబూ?" అన్నాడు. ఆయనే బోరింగు దగ్గరకి తీసుకెళ్లి రెండు బకెట్ల నీళ్లు కొట్టించాడు. అప్పటినుంచి తెల్లగీత చుట్టూ గళ్లుగళ్లుగా మడులు కనిపిస్తే అటు చూడను.

జనం ఎక్కువగా తొక్కిన దారులు మెరుస్తూ కనిపించే స్ట్రావా యాప్ హీట్‌మ్యాప్ చూస్తారు కదా, అది పెద్ద ఊళ్లలో పనికొచ్చినంతగా ఇక్కడ పనికిరాదు. ఈ జిల్లాలో తొక్కేవాళ్లు తక్కువ. ఉన్నవాళ్లలో ఎక్కువమంది దూరాల లెక్క కోసం హైవే మీదే తొక్కుతారు, అందుకని హైవే గీతే మెరుస్తుంది. అది జనం వెళ్లిన దారి, మంచి దారి అని కాదు. ఇంకొక చిక్కు: గోపాల్‌పూర్ పక్కన గోలబంధలో సైన్యం వారి ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. అటువైపు యాప్‌లో గీత కనిపించినంత మాత్రాన అది మనకి తెరిచిన రోడ్డు కాదు. 2018 జనవరిలో ఇదే హీట్‌మ్యాప్‌లో చాలా దేశాల సైనిక స్థావరాల్లో జవాన్లు పరుగెత్తే దారులు కనబడుతున్నాయని పెద్ద గోలే అయింది. గేటు కనిపిస్తే వెనక్కి తిరగండి, వాదన పెట్టుకోకండి.

ఎత్తుపల్లాల కోసం కొమూట్ యాప్ గానీ, రైడ్ విత్ జీపీఎస్ యాప్ గానీ చాలు. హైవేకి తూర్పున అంతా పళ్లెంలా ఉంటుంది కాబట్టి కొండల వైపు వెళ్లేరోజే ఆ పని. గీసుకున్న దారిని ఫోనులో ఆఫ్‌లైన్‌గా దింపుకోండి. దాని మీద దగ్గరలో ఉన్న రైల్వేస్టేషన్లు గుర్తుపెట్టుకోండి: గొలంత్రా, ఛత్రపురం, గంజాం, రంభ. సైకిల్ మొరాయిస్తే ఆటో ఎక్కి ఎటు వెళ్లాలో తెలిసి ఉంటుంది.

కిలోమీటరు రాయి రంగు

యాప్‌లన్నీ ఒకెత్తు, రోడ్డు పక్కన రాయి ఒకెత్తు. కిలోమీటరు రాయి తల పసుపుగా ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ రంగులో ఉంటే గ్రామ సడక్ యోజన రోడ్డు. మీకు కావలసింది ఆ నారింజ రాయి. ఇవి ఎక్కువగా 3.75 మీటర్ల వెడల్పు రోడ్లు. లారీ రాదు, బస్సు ఎప్పుడో ఒకటి. రోడ్డు మొదట్లో ఒక బోర్డు కూడా ఉంటుంది. దాని దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఎన్ని కిలోమీటర్లు, ఎప్పుడు పూర్తయింది, కాంట్రాక్టరు ఎంతకాలం మరమ్మతు చేయాలి, అన్నీ రాసి ఉంటాయి. మరమ్మతు గడువు మామూలుగా ఐదేళ్లు. ఆ గడువు లోపలి రోడ్డయితే ధైర్యంగా తిరగండి. గడువు దాటి రెండు మూడు వానాకాలాలు చూసిన రోడ్డయితే మొదటి కిలోమీటరు చూసి నిర్ణయించుకోండి. ఒడియా అక్షరాలు రాకపోయినా అంకెలు చాలావరకు ఇంగ్లిషువే ఉంటాయి.

అడగడం ఎలా

"రోడ్డు బాగుందా?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. ఊరిమీద మాట పడనివ్వరు కదా. నేను వేరేగా అడుగుతాను: "ఈ దారిలో ఆటో వెళ్తుందా?" వెళ్తుందంటే సైకిల్‌కి ఢోకా లేదు. బస్సు కూడా వెళ్తుందంటే ఇంకా మేలు. "ట్రాక్టరు వెళ్తుంది" అన్నారా, నవ్వి నమస్కారం పెట్టి వెనక్కి తిరగండి.

భాష గురించి టెన్షన్ పడకండి. గంజాం తీరంలో చాలా బెస్త ఊళ్లలో మాట తెలుగే. ఒడియావాళ్లు వీళ్లని నోళియాలంటారు. బరంపురం బజార్లోనూ తెలుగుతో గడిచిపోతుంది. కొండల వైపు వెళ్లేకొద్దీ ఒడియా. "రాస్తా భల అచ్ఛి కి?" అంటే రోడ్డు బాగుందా అని, "కేతే దూర?" అంటే ఎంత దూరమని, "పయిడ" అంటే కొబ్బరిబొండం. మూడోది తప్పక నేర్చుకోండి.

అడగడానికి సరైన మనిషి పాలక్యాన్లు కట్టుకుని తిరిగేవాడు. రోజూ ఇరవై ఊళ్లు తిరుగుతాడు, ఏ కల్వర్టు కుంగిందో అతనికి తెలుసు. లాడ్జీ రిసెప్షన్లో అడిగితే మాత్రం మిమ్మల్ని కారు దారిలోనే పంపుతారు.

వచ్చిన రోజు సాయంత్రమే ఒక అరగంట చిన్న తిరుగుడు వేయండి. గోపాల్‌పూర్ ఊరు దాటి మూడు నాలుగు కిలోమీటర్లు లోపలికి పోయి రండి. బీచ్ దగ్గర రోడ్డు మీదికి గాలి ఇసుక తెచ్చి పల్చగా పరుస్తుంది. సన్నటి టైర్లతో మలుపు తీస్తే అక్కడే జారుతుంది. ఊరికో నాలుగు స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి, చాలావాటికి రంగు ఉండదు. ఇవి వెలుగులో ఒకసారి చూసి ఉంటే తెల్లవారుజామున చీకట్లో చేతులకి గుర్తుంటుంది.

ఇవి నా దారులు

చిన్న పొద్దుకి: గోపాల్‌పూర్ నుంచి బరంపురం వైపు రోడ్డు పట్టి, మధ్యలో నారింజ రాయి కనిపించిన చోట పక్కకి దిగండి. బరంపురం పదిహేను పదహారు కిలోమీటర్లే. కానీ ఏడు దాటాక ఆ మెయిన్‌రోడ్డు మీద సుఖం లేదు. పక్కదారుల్లోనే ఈ జిల్లా అసలు సొగసు, మొగలి పొదలు ఉన్నాయి. రెండువైపులా మనిషెత్తు కంచెలా ఉంటాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా పువ్వు వేళ. పొద్దున్నే గోనెలతో పువ్వులు కోసి అత్తరు బట్టీలకి తీసుకెళ్తుంటారు. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వాసన మత్తులో రెండు సంగతులు మరిచిపోకండి: ఆ కంచెల వల్ల మలుపులో ఎదురొచ్చేది కనిపించదు, బెల్లు కొడుతూ వెళ్లాలి. రెండోది, ఆకు అంచంతా ముల్లే. ఎండి రోడ్డు మీద పడ్డ మొగలి ఆకు మీదినుంచి టైరు పోనివ్వకండి.

పెద్ద పొద్దుకి నా ఓటు జౌగడకి. బరంపురం నుంచి పురుషోత్తంపూర్ వైపు ముప్ఫై అయిదు కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఋషికుల్య ఒడ్డున. గోపాల్‌పూర్ నుంచే తొక్కితే రానూపోనూ వంద అవుతుంది. అంత వద్దనుకుంటే బరంపురం దాకా సైకిల్ కారులో వేసుకెళ్లండి. దారంతా చదును, వరి పొలాలు, చెరువులు, దూరంగా కొండలు. చివర్లో అశోకుడి బండ, క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంది. కళింగ యుద్ధం గురించి చెప్పే పదమూడో శాసనాన్ని ఇక్కడ చెక్కించలేదు. దాని బదులు కళింగ జనాన్ని ఎలా చూసుకోవాలో అధికారులకి చెప్పే ప్రత్యేక శాసనాలు రెండు చెక్కించాడు. ఓడినవాళ్ల ఊళ్లో గెలుపు కథ రాయించకపోవడం గురించి తిరుగుదారిలో ఆలోచించుకోవచ్చు, పొలాల మధ్య బోలెడు సమయం ఉంటుంది. ఓపిక మిగిలితే తారాతారిణి కొండ కూడా ఆ చుట్టుపక్కలే. మెట్లు 999, పైకి రోడ్డు కూడా ఉంది. చైత్రమాసం మంగళవారాల్లో మాత్రం అటు సైకిల్ తీసుకెళ్లకండి, కాలు పెట్టడానికి చోటుండదు.

నవంబరు, డిసెంబరుల్లో ఈ పొలాల రోడ్ల మీద వరి పనలు పరిచేస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. పైనుంచి పోనిచ్చారో గడ్డి వెనక గేర్లలో చుట్టుకుని గేరు మార్చే డిరైల్లర్‌ని విరగ్గొడుతుంది. దిగి నడిపించండి. వాళ్ల ఏడాది తిండి అది.

సముద్రం చూడకుండా ఉండలేమంటే గంజాం వంతెన దాటి పురుణబంధ వెళ్లండి. హైవే కొంత తప్పదు కాబట్టి తెల్లవారేసరికి అది దాటేయాలి. ఫిబ్రవరి, మార్చిల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వేలల్లో ఒడ్డెక్కేది ఈ మొగ దగ్గరే. ఆ రోజుల్లో సైకిల్ ఊళ్లో వదిలి, అటవీశాఖవాళ్లు చెప్పినచోటి వరకే నడవండి. తాబేలు పిల్లలు బయటికొచ్చే ఏప్రిల్లో రాత్రివేళ లైటు అసలు వేయకండి, వెలుగు చూసి అవి సముద్రం అనుకుని ఎదురు నడుస్తాయి.

చిలికాకి, రంభ వైపు, సైకిల్ మీద వెళ్లడం నాకు ఇష్టం లేదు. చాలా దూరం హైవేనే. రైల్లోనో కార్లోనో వెళ్లండి. తప్తపాణి ఘాటు ఎక్కడం సరదా అయితే దిగపహండి దాకా కారులో వెళ్లి అక్కడినుంచి తొక్కండి. పైన గంధకం వాసన వేసే వేడినీటి ఊట ఉంటుంది.

మొదట చెప్పిన మాటకి మినహాయింపు ఒక్కటే, అది సరిహద్దు దాటాక. ఇచ్ఛాపురం నుంచి కవిటి, సోంపేట మీదుగా బారువ. ఇది ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల మధ్యనుంచి నీడలో పోయే ఊళ్ల రోడ్లు, సముద్రం ఎప్పుడూ నాలుగడుగుల దూరంలో ఉన్నట్టే హోరు. తిత్లీకి ఇక్కడ తోటలకు తోటలే కూలాయి, కొన్నిచోట్ల నీడ ఇంకా పలచగానే ఉంది. అయినా వేసవిలో తొమ్మిదింటికి కూడా తొక్కగలిగే దారి నాకు తెలిసి ఇదొక్కటే. గోపాల్‌పూర్ నుంచి ఇచ్ఛాపురం దాకా సైకిల్ కారులో తెచ్చుకోండి, గిరిసోలా చెక్‌గేటు దగ్గర లారీల వరసలో సైకిల్‌తో ఇరుక్కోవద్దు.

సైకిల్‌కి కావలసినవి

28 మిల్లీమీటర్లకి తగ్గని టైర్లు. రెండు ట్యూబులు, పంపు. పంక్చరు షాపు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది, కానీ వాళ్ల గాలి గొట్టం మోటారుసైకిల్ వాల్వుకే పడుతుంది. మీది సన్నటి ప్రెస్టా వాల్వయితే వేలిగోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి. అది మరిచి నేను ఒకసారి పదకొండు కిలోమీటర్లు నడిచాను, అదీ గాలి కొట్టే మెషిను ముందునుంచే. వెనకాల ఎర్రలైటు, చలికాలం పొద్దుల్లో ఏటి పక్కన మంచు దట్టంగా ఉంటుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు. ఆపదకి నంబరు 112.

రైల్లో తెచ్చుకునేవాళ్లు పార్సిల్ ఆఫీసులో బుక్ చేశాక, సైకిల్ మీరెక్కిన రైల్లోనే ఎక్కిందో లేదో కళ్లతో చూసి గానీ మీ బోగీ దగ్గరకి వెళ్లకండి. నాది ఒకసారి నాకంటే ఒకరోజు ఆలస్యంగా సెలవులకి వచ్చింది.

తిరిగొచ్చాక నేరుగా గదిలోకి వెళ్లిపోకండి. ఉప్పుగాలికి చైను ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. లాడ్జీ కుర్రాణ్ణి ఒక బకెట్ మంచినీళ్లు అడగండి. బీచ్ దగ్గర కాళ్లు కడుక్కునే కుళాయి నీళ్లు వద్దు, చాలాచోట్ల అవీ ఉప్పనే. పైనుంచి మెల్లగా పోసి, పాతగుడ్డతో చైను తుడిచి, నాలుగు చుక్కల నూనె వేసి, సైకిల్‌ని సముద్రం వైపు కాకుండా గోడకి అవతలివైపు నిలబెట్టండి. పది నిమిషాల పని. తర్వాత టిఫినుకి పరుగెత్తండి, తొమ్మిది దాటితే ఇక్కడ పూరీ, ఘుగుని (బఠానీ కూర) అయిపోతాయి.